దేవుణ్ణి నమ్మనివాణ్ణి ప్రజలు నమ్ముతారా?

తెలుగులో నమ్మకం అన్న మాటకు రెండు బరువులున్నాయి. దేవుడి మీద ఉండేదీ నమ్మకమే, పొరుగింటివాడికి అప్పిచ్చేటప్పుడు ఉండేదీ నమ్మకమే. ‘ఆయన దేవుణ్ణి నమ్మడట’ అని ఎవరైనా అనగానే చాలామంది మనసులో వెంటనే మెదిలేది ‘అయితే ఆయన్ని ఎలా నమ్మడం?’ అన్న అనుమానం. మతవిశ్వాసం నిండిన దేశాన్ని ఒక బహిరంగ నాస్తికుడు నడిపించగలడా అన్న ప్రశ్నలోని చిక్కంతా ఈ రెండు నమ్మకాలు ఒకదానికొకటి ముడిపడిపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

విజయవాడనే చూడండి. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ. అదే ఊళ్లో పటమటలో నాస్తిక కేంద్రం. గోరాగా అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు తరలించారు. ఆయన కుమార్తె చెన్నుపాటి విద్యను ఆ నగరం 1980లోనూ 1989లోనూ కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు పంపింది. దసరాల్లో కొండ మెట్లకు పసుపు కుంకుమ పూసిన చేతులే ఆ ఓట్లలో ఎన్నో వేసి ఉంటాయి. ఆమె ఏ ఇంటి బిడ్డో విజయవాడకు తెలియనిది కాదు. మహిళల కోసం ఆమె చేసిన పని కూడా తెలుసు.

అయితే ఒక పార్లమెంటు సభ్యురాలిని ఎన్నుకోవడం వేరు, దేశాన్ని ఒకరి చేతిలో పెట్టడం వేరు. ముందు చట్టం సంగతి చూసి పక్కన పెడదాం, ఎందుకంటే మన దేశంలో చిక్కు అక్కడ లేదు. పాకిస్తాన్‌లో ప్రధాని ముస్లిం అయి తీరాలని రాజ్యాంగమే చెబుతుంది. భారత రాజ్యాంగం ఏ పదవికీ అలాంటి షరతు పెట్టలేదు. రాష్ట్రపతి నుంచి ఎమ్మెల్యే దాకా ప్రమాణ పాఠంలో రెండు దారులు ఉంచింది: దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, దేవుడి ఊసు లేకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చు. రెండింటికీ ఒకే విలువ.

ఇది యాదృచ్ఛికంగా జరగలేదు. 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను ‘దేవుడి పేరిట’ అన్న మాటతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. ఆనాటి సభ్యుల్లో అత్యధికులు ఆస్తికులు. అయినా వాళ్లే అడ్డుపడ్డారు. తాను దేవుణ్ణి నమ్ముతాననీ, కానీ నమ్మని పౌరుడి హక్కును కాదనలేననీ పట్టం థాను పిళ్లై అన్నారు. దేవుడి మీద ఓటు వేయవలసిన ఇబ్బందిలోకి సభను నెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. కామత్ పట్టు విడవలేదు. ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. దేవుణ్ణి నమ్మే మనుషులు, నమ్మనివాడికి కూడా చోటు ఉండాలని చేతులెత్తిన ఆ రోజును మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలకు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

చట్టం తలుపు తెరిచింది. మరి ఓటరు? ప్యూ రీసెర్చ్ సెంటర్ దాదాపు 30,000 మందిని అడిగి 2021లో ప్రకటించిన సర్వేలో, భారతీయుల్లో 97 శాతం దేవుడున్నాడని చెప్పారు. ఇంత ఆస్తిక దేశంలో నాస్తికుడికి ఓట్లు రావని తేల్చేయడం సులువు. కానీ సర్వే ప్రశ్నకు ముఖం ఉండదు. అమెరికాలో గాలప్ సంస్థ దశాబ్దాలుగా ఒక ప్రశ్న అడుగుతోంది: మీ పార్టీ అర్హుడైన నాస్తికుణ్ణి అధ్యక్ష పదవికి నిలబెడితే ఓటు వేస్తారా? 1958లో వేస్తామన్నవారు 18 శాతం. 2019 నాటికి 60 శాతం. అరవై ఏళ్లలో అమెరికా చర్చిలు ఖాళీ అయిపోలేదు. నాస్తికుడు అన్న మాట వినగానే కళ్లముందు కదిలే బొమ్మ మారింది.

ఆ బొమ్మలో ఉన్నదేమిటి? మన వైపు మంచి మనిషిని మెచ్చుకోవాలంటే ‘పాపభీతి ఉన్న మనిషి’ అంటాం. ఎవరూ చూడకపోయినా పైవాడు చూస్తున్నాడన్న వెరపు మనిషిని తప్పు చేయనివ్వదన్నది ఆ మాట వెనకున్న లెక్క. మరి పైన ఎవరూ లేరనుకునేవాణ్ణి ఆపేదెవరు? కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఇదే తేల్చింది. నాస్తికుల పట్ల ఉన్న వ్యతిరేకతకు మూలం అసహ్యమో కోపమో కాదు, అపనమ్మకం. ఆ మరుసటి ఏడాది వాళ్లే ఇంకో సంగతి చూపించారు. పోలీసులు, చట్టం సమర్థంగా పనిచేస్తున్నాయని గుర్తు చేస్తే ఆస్తికుల్లో ఆ అపనమ్మకం తగ్గింది. అంటే తప్పు చేసినవాణ్ణి పట్టుకునే వ్యవస్థ భూమ్మీదే ఉందని తోచినప్పుడు, ఆకాశంలో కాపలా లేదనేవాడి గురించి భయం తగ్గుతుంది. ఈ ఫలితం మీద ఇంకా ఎన్నో దేశాల్లో పరీక్షలు జరగాలి. అయినా నాస్తికుడి భవిష్యత్తు న్యాయస్థానాలు, ఆడిట్లు, సమాచార హక్కు సజావుగా పనిచేయడం మీద కూడా ఆధారపడి ఉందన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

మన సంప్రదాయంలో నాస్తికుడి కుర్చీ ఎక్కడుందో వాల్మీకి రామాయణం చెబుతుంది. దశరథుడి కొలువులో జాబాలి అనే బ్రాహ్మణుడు ఉన్నాడు. చిత్రకూటంలో రాముణ్ణి వెనక్కి రప్పించడానికి, పరలోకం లేదు, శ్రాద్ధాలు అన్నం దండగ, కళ్లకు కనిపించేదే నిజం అని వాదిస్తాడు. రాముడు తీవ్రంగా మందలిస్తాడు. అప్పుడు జాబాలి అన్న మాటను రాజకీయం చదువుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి: నేను నాస్తికుణ్ణి కాను, కాలాన్ని చూసి ఆస్తికుణ్ణయ్యాను, కాలం వస్తే మళ్లీ నాస్తికుణ్ణవుతాను. కొలువులో సలహాదారుగా అతనికి చోటుంది. కాలాన్ని బట్టి మాట మార్చుకునే వెసులుబాటూ ఉంది. సింహాసనం మీద కూర్చునేవాడికి ఆ వెసులుబాటు ఉంటుందా అన్నదే మన ప్రశ్న.

బ్రెజిల్‌లో ఒకాయన దాన్ని వాడుకోబోయి దెబ్బతిన్నారు. 1985లో సావోపాలో మేయర్ ఎన్నికల టీవీ చర్చలో ఒక పాత్రికేయుడు ఫెర్నాండో హెన్రిక్ కార్డోసోను, మీరు దేవుణ్ణి నమ్ముతారా అని అడిగారు. కార్డోసో ఔననలేదు, కాదనలేదు, జవాబు దాటవేశారు. ఆ ఎన్నికలో ఓడిపోయారు. గెలవకముందే మేయర్ కుర్చీలో కూర్చుని ఫొటో దిగడం కూడా ఆయనను దెబ్బతీసింది కాబట్టి ఓటమి మొత్తాన్ని దేవుడి ఖాతాలో వేయడం సరికాదు. కానీ ఆ ప్రశ్న, ఆ తడబాటు బ్రెజిల్ రాజకీయాల్లో ఒక పాఠంగా నిలిచిపోయాయి. అదే మనిషి, ధరల మంటను చల్లార్చిన ఆర్థిక మంత్రిగా పేరు తెచ్చుకున్నాక, 1994లో ప్రపంచంలోనే అత్యధిక క్యాథలిక్కులున్న ఆ దేశానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. జీతం డబ్బులు నెలాఖరు దాకా విలువ నిలుపుకోవడం చూసిన జనం ఆయన మీద వేరే రకం నమ్మకం పెంచుకున్నారు.

గ్రీసులో అలెక్సిస్ సిప్రాస్ ఇంకో దారి పట్టారు. గ్రీసు రాజ్యాంగం పవిత్ర త్రిత్వం పేరుతో మొదలవుతుంది. ఆర్థడాక్స్ మతాధిపతి ఎదుట ప్రధాని ప్రమాణం చేయడం ఆనవాయితీ. 2015 జనవరిలో గెలిచిన సిప్రాస్ నాస్తికుడని దేశమంతటికీ తెలుసు. ఆయన ముందుగా ఆర్చ్‌బిషప్‌ను స్వయంగా కలిసి, తాను మతరహిత ప్రమాణం చేయబోతున్నట్టు మర్యాదగా చెప్పి వచ్చారు. ఆ తర్వాతే ప్రమాణం చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ గెలిచారు. చిలీలో మిషెల్ బాచెలెట్ సోషలిస్టు, భర్త నుంచి విడిపోయిన స్త్రీ, దేవుడి ఉనికి గురించి తేల్చి చెప్పలేమనే అజ్ఞేయవాది. క్యాథలిక్ సమాజం తప్పులుగా ఎంచేవన్నీ తనలో ఉన్నాయని ఆమే నవ్వుతూ చెప్పుకున్నారు. జనం ఆమెను రెండుసార్లు అధ్యక్షురాలిని చేశారు. అడగకముందే తమ సంగతి చెప్పినవారికి దక్కిన మన్నన, అడిగినా దాటవేసిన వారికి దక్కలేదు.

మన దేశానికి వస్తే మొదటి పరీక్ష మొదటి సార్వత్రిక ఎన్నికలోనే జరిగింది. నెహ్రూ బహిరంగంగా మతాచారాలకు దూరంగా ఉన్న అజ్ఞేయవాది. 1951లో సోమనాథ ఆలయ పునఃప్రతిష్ఠకు వెళ్లవద్దని రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్‌కు చెప్పిన మనిషి. ఆయన మీద అలహాబాద్ ప్రాంతంలో పోటీకి దిగింది ప్రభుదత్త బ్రహ్మచారి అనే సాధువు. మౌనవ్రతం పూని, కీర్తనలతో ప్రచారం చేశారు. హిందూ కోడ్ బిల్లును ఆపడమే ఆయన నినాదం. గంగా యమునల సంగమం దగ్గర, ఒక సన్యాసి ఎదుట, నెహ్రూ భారీ ఆధిక్యంతో గెలిచారు. తర్వాత 1955, 56ల్లో హిందూ వివాహ, వారసత్వ చట్టాలు వచ్చాయి. ఆ ఓటర్లు నెహ్రూలో చూసింది ఏళ్ల తరబడి జైల్లో గడిపిన మనిషిని. ఆస్తినీ యవ్వనాన్నీ దేశానికి ధారపోసినవాడికి పాపభీతి ఉందా లేదా అని ఎవరూ తూకం వేయలేదు.

కానీ నెహ్రూకు స్వాతంత్ర్యోద్యమం వెనక ఉంది. మామూలు రోజుల్లో, మామూలు రాజకీయాల్లో ఇది ఎలా సాధ్యమో చూడాలంటే తమిళనాడు వెళ్లాలి.

ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ దేవుడి విగ్రహాలను వీధిలో పగలగొట్టిన మనిషి. ఎన్నికల్లో పోటీ చేయలేదు, చేయాలనుకోలేదు. 1949లో ఆయన నుంచి విడిపోయి డీఎంకే పెట్టిన అన్నాదురై, అధికారం కావాలంటే గుడికి వెళ్లే తల్లుల ఓట్లు కావాలని గ్రహించారు. ఒకే కులం, ఒకే దేవుడు అన్న ప్రాచీన తమిళ శైవ కవి తిరుమూలర్ పలుకును పార్టీ నినాదం చేశారు. వినాయకుడి విగ్రహాన్నీ పగలగొట్టను, ఆయన ముందు కొబ్బరికాయా కొట్టను అన్నది ఆయన పేరుతో తమిళులు చెప్పుకునే మాట. 1967లో డీఎంకే గెలిచింది. అన్నాదురై మరణం తర్వాత 1969లో ముఖ్యమంత్రి అయిన కరుణానిధి తన నాస్తికత్వాన్ని ఎన్నడూ దాచలేదు.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. జనవరిలో సేలంలో పెరియార్ అనుచరుల మూఢనమ్మకాల నిర్మూలన ఊరేగింపులో రాముడి చిత్రాన్ని చెప్పులతో కొట్టారు. మార్చిలో ఎన్నికలు. ప్రత్యర్థులు ఆ సంఘటనను ఊరూరా ప్రచారం చేశారు. రాముణ్ణి కొట్టినవారికా మీ ఓటు అని అడిగారు. ఫలితం: 234 స్థానాల్లో డీఎంకేకు 184. ఇందిరా గాంధీ కాంగ్రెస్‌తో పొత్తు కలిసి వచ్చిన మాట నిజమే. అయినా రాముడి పేరుతో ప్రభుత్వాన్ని దించాలన్న ప్రయత్నం విఫలమైంది.

ఎందుకు? తిరువారూరు రథం కథలో నాకు జవాబు కనిపిస్తుంది. త్యాగరాజస్వామి ఆలయానికి చెందిన ఆ మహారథం ఎన్నో ఏళ్లుగా కదలకుండా పడి ఉంది. 1970లో దాన్ని బాగుచేయించి వీధుల్లోకి కదిలించింది కరుణానిధి ప్రభుత్వం. ఆయన పుట్టిన ఊరు ఆ పక్కనే. తాను మొక్కని దేవుడి రథాన్ని, మొక్కే జనం కోసం నడిపించారు. అదే ప్రభుత్వం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసే చట్టమూ తెచ్చింది. 1972లో సుప్రీంకోర్టు వంశపారంపర్య నియామకం రద్దును సమర్థించినా, ఆలయ పూజావిధులను చెప్పే ఆగమాల నియమాలను అలాగే ఉంచింది. అన్ని కులాలవారు అర్చకులు కావాలన్న ఆ పట్టుదల అర్ధశతాబ్దం సాగి, 2021 ఆగస్టులో బ్రాహ్మణేతర కులాలకు చెందిన 24 మంది శిక్షిత అర్చకుల నియామకం దాకా వచ్చింది. గర్భగుడి గడప బయట నిలబెట్టిన మనుషులను లోపలికి పంపాలన్నది ఒక నాస్తికుడి ఉద్యమం. భక్తుల్లో చాలామందికి అది తమ మీద దాడిగా కాక తమకు దక్కవలసిన గౌరవంగా తోచింది. తమిళ నాస్తికత్వం గెలిచింది తర్కంతో కాదు, ఆత్మగౌరవంతో. ఈ తేడా గుర్తించకుండా తెలుగునాట హేతువాదులు ఎన్ని సభలు పెట్టినా జనం విని ఇంటికి వెళ్లిపోతారని నా బాధ.

కేరళ అనుభవంలో ఇంకో మెలిక ఉంది. శబరిమలలోకి అన్ని వయసుల స్త్రీలనూ అనుమతించాలని 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు, వామపక్ష ప్రభుత్వం దాన్ని అమలు చేయబోయింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 20 స్థానాల్లో ఒక్కటే దక్కింది. రాహుల్ గాంధీ వయనాడ్‌లో పోటీ చేయడం కూడా కారణమే, కానీ శబరిమల గాయాన్ని కాదనలేం. రెండేళ్ల తర్వాత, వరదలూ కోవిడ్ గడిచాక, అదే కూటమి 140లో 99 స్థానాలతో తిరిగి వచ్చింది. ఓటరు కోపగించుకున్నాడు, తర్వాత ఆ కోపాన్ని రేషన్ కిట్‌తోనూ ఆసుపత్రితోనూ కలిపి తూచాడు. అదే కేరళలో 2006లో ఇద్దరు సీపీఎం శాసనసభ్యులు దైవసాక్షిగా ప్రమాణం చేస్తే పార్టీ తప్పుపట్టింది. నమ్మనివాడికి ఉన్న స్వేచ్ఛ నమ్మేవాడికీ ఉండాలి కదా. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ జిల్లాల్లో శ్రావణ శుక్రవారం వ్రతం చేసుకుని, ఎన్నికలొస్తే కంకి కొడవలికి ఓటు వేసిన తరాన్ని చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. భూమి, కూలి, వెట్టి నుంచి విముక్తి, వీటి కోసం నిలబడిన మనిషి సంధ్య వార్చాడా లేదా అని వాళ్లు అడగలేదు. జాతీయ స్థాయిలోనూ అలాంటి ఘట్టం ఒకటి వచ్చింది. 1996లో యునైటెడ్ ఫ్రంట్ నాయకులు ప్రధాని పదవిని జ్యోతిబసు ముందుంచారు. దుర్గాపూజ రాష్ట్రంలో 1977 నుంచీ ముఖ్యమంత్రిగా ఉన్న కమ్యూనిస్టు ఆయన. దేవుణ్ణి నమ్మడన్న అభ్యంతరం ఆయనకు అడ్డు రాలేదు. అడ్డుపడింది సొంత పార్టీ కేంద్ర కమిటీ. దాన్ని ఆయన చారిత్రక తప్పిదం అన్నారు.

ఇంతవరకూ చెప్పినవి విని, అయితే భారతదేశంలో నాస్తికుడికి ఏ అడ్డూ లేదని అనుకుంటే పొరపాటే. నెహ్రూ నుంచి జ్యోతిబసు దాకా ఈ పేర్లన్నీ చూడండి. అందరూ హిందూ కుటుంబాల్లో పుట్టినవారు. మన సమాజంలో నాస్తికుడికి మతం ఉండకపోవచ్చు గానీ ఇంటిపేరు ఉంటుంది, కులం ఉంటుంది. నెహ్రూ ఎంత వద్దన్నా జనానికి పండిట్‌జీయే. ‘మనవాడే, కాకపోతే గుడికి రాడు’ అనుకోగలిగినంత మేరకే ఆ సహనం పనిచేస్తుంది. ముస్లిం ఇంట్లో పుట్టి దేవుణ్ణి కాదన్నవారి పరిస్థితి వేరు. 2017లో కోయంబత్తూరులో అలాంటి ఒక ద్రావిడ ఉద్యమ కార్యకర్తను చంపేశారు. తన వర్గం వెలివేస్తుంది, ఎదుటి వర్గం అతని పేరు చూసి నమ్మదు. అలాంటి మనిషిని ఏ పార్టీ అయినా ప్రధాని అభ్యర్థిగా నిలబెట్టే రోజు మన కనుచూపు మేరలో లేదు. పుట్టుకతో వచ్చిన గుర్తింపును దాటి ఒక నాస్తికుణ్ణి కేవలం మనిషిగా చూడగలమా అన్న పరీక్ష ఈ దేశం ఇంకా రాయలేదు.

ఇక తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న చాలా స్థూలంగా, పట్టుబట్టల రూపంలో ఎదురవుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు, దసరాల్లో మూలా నక్షత్రం రోజున కనకదుర్గమ్మకు రాష్ట్ర ప్రభుత్వం తరఫున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తలపై పెట్టుకుని తీసుకెళ్లడం ఆనవాయితీ. నాస్తికుడు ముఖ్యమంత్రి అయితే అవి ఎవరు మోస్తారు? దేవాదాయ శాఖ కమిషనర్ హిందువై ఉండాలని చట్టం అడుగుతుంది. ముఖ్యమంత్రికి అలాంటి షరతేమీ లేదు. జవాబు భద్రాచలంలో దొరుకుతుందని నేననుకుంటాను. శ్రీరామనవమికి అక్కడ ప్రభుత్వం సమర్పించే ముత్యాల తలంబ్రాల ఆచారం గోల్కొండ నవాబు తానీషా కాలం నుంచి వస్తున్నదని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథ చెప్పుకునే భక్తులెవరూ తానీషా రాముణ్ణి కొలిచేవాడా అని నిలదీయరు. పాలకుడు ప్రజల తరఫున పంపిన కానుకగా దాన్ని స్వీకరించారు. ఆ లెక్కన, నమ్మని ముఖ్యమంత్రి తాను మోస్తే నటన అవుతుందనుకుంటే భక్తుడైన మంత్రి చేత సగౌరవంగా పంపవచ్చు. పంపడం మానేయడమూ, లేని భక్తిని కెమెరాల ముందు ఒలకబోయడమూ రెండూ ప్రజల నమ్మకాన్ని చిన్నబుచ్చేవే.

గోరా గాంధీజీ దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరూ ఇలాంటి కూడలి దగ్గరే నిలబడ్డారు. అంటరానితనం మీద గోరా చేస్తున్న పని చూసి గాంధీ ఆయనను సేవాగ్రామ్‌కు రానిచ్చారు, వాదించారు, చివరికి దగ్గరయ్యారు. గోరా తన పెద్ద కుమార్తెను దళిత యువకుడికి ఇచ్చి పెళ్లి చేయదలచినప్పుడు, ఆశ్రమంలో జరిగే ఆ పెళ్లి ప్రమాణంలో దేవుడు అన్నచోట సత్యం అన్న మాట వాడడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆ పెళ్లి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో, ఆయన హత్య జరిగిన కొద్ది వారాలకే, అది సేవాగ్రామ్‌లోనే జరిగింది.

నెహ్రూకు అంత మర్యాద దక్కలేదు. తాను పోయాక ఎలాంటి మతకర్మలూ చేయవద్దనీ, నమ్మకం లేని కర్మలకు లాంఛనంగా లోబడినా అది కపటమే అవుతుందనీ ఆయన 1954లోనే వీలునామాలో రాసిపెట్టారు. గుప్పెడు బూడిద గంగలో కలపమన్నది కూడా చిన్ననాటి నుంచి ఆ నది మీద ఉన్న ప్రేమతోనే తప్ప మతంతో కాదని స్పష్టంగా చెప్పారు. మిగతా బూడిదను రైతులు చెమటోడ్చే పొలాల మీద విమానం నుంచి చల్లమన్నారు. 1964 మే నెలలో యమున ఒడ్డున చితి పేర్చారు. పురోహితులు వచ్చారు, మంత్రాలు చదివారు, హిందూ సంప్రదాయం ప్రకారమే దహనం చేశారు.